పద్నాలుగో అంతస్తు, ఫైర్ అలారం, మోకాళ్ల నొప్పులు: పెద్దవాళ్లను బయటికి తేవడంలో వచ్చే చిక్కులు

హైదరాబాద్ టవర్లలో ఫైర్ డ్రిల్ జరిగిందంటే చకచకా మెట్లు దిగగలిగేవాళ్లే దిగుతారు. దిగలేనివాళ్లు బాల్కనీలోంచి చూస్తుంటారు. నిజానికి డ్రిల్ అవసరం వాళ్లకే ఎక్కువ.

సమస్య: అలారం మోగినా పెద్దాయన లేవలేదు

చాలామంది వినికిడి మిషన్ తీసేసి పడుకుంటారు. అలారమేమో బయట కారిడార్‌లో ఉంటుంది. తలుపులేసి ఏసీ పెట్టుకుంటే మామూలు చెవులకే సరిగ్గా వినపడదు. పడకగదిలో బ్యాటరీతో నడిచే స్మోక్ అలారం పెట్టించండి. వినికిడి బాగా తగ్గినవాళ్లకు లైటు వెలిగేవి, దిండు కింద అదిరేవి కూడా దొరుకుతాయి.

విని కూడా లేవకపోతే, "రోజూ మోగేదే కదా" అనుకున్నారన్నమాట. ఆ తప్పు అసోసియేషన్‌ది. డిటెక్టర్లలో దుమ్ము దులిపించాలి. ఎందుకు మోగిందో అదే రోజు వాట్సాప్ గ్రూపులో చెప్పాలి.

సమస్య: తలుపు తెరుచుకోలేదు

దొంగల భయంతో గ్రిల్ గేటుకు తాళం వేసి, ఆ చెవి పిల్లలు ఆఫీసుకు పట్టుకెళ్తారు. లోపల పెద్దవాళ్లు బందీలు. చెవి అవసరం లేకుండా లోపలి నుంచి చేత్తో తిప్పితే తెరుచుకునే లాక్ పెట్టించండి. ఒక స్పేర్ చెవి అదే అంతస్తులో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. బాల్కనీ మొత్తం ఇనుప గ్రిల్ బిగిస్తే ఫైర్ సిబ్బంది నిచ్చెన వేసినా లాభం లేదు. ఒక భాగమైనా తెరుచుకునేలా ఉండాలి.

సమస్య: మెట్ల దారి నిండా పొగ

చాలాసార్లు మంట కన్నా పొగే ముందు ప్రాణం తీస్తుంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక చనిపోయిన ఆరుగురూ వయసులో ఉన్నవాళ్లే. ఇక ఉబ్బసం ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి ఎంతసేపు తట్టుకుంటారు?

మెట్ల దగ్గరి ఫైర్ డోర్‌ను (మంట, పొగ మెట్లలోకి రాకుండా ఆపే తలుపు) గాలి రావాలనో, పనివాళ్లు తిరగాలనో పూలకుండీ అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారు. ఇక కింద సెల్లార్‌లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకున్నా పొగ మెట్ల గూడు వెంట పైదాకా ఎగబాకుతుంది. కుండీ తీసేసి, ఆ తలుపును ఒకసారి తెరిచి చెయ్యి వదిలి చూడండి. తనంతట తాను పూర్తిగా మూసుకోకపోతే డోర్ క్లోజర్ పోయినట్టే, మార్పించండి.

పొగ అప్పటికే నిండి ఉంటే మెట్లలోకి దిగకండి. ఇంట్లోకి వచ్చి తలుపు మూసి, సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి, కిటికీ ఉన్న గదిలో కూర్చోబెట్టండి. 101కో 112కో ఫోన్ చేసి బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు, "నడవలేని మనిషి ఉన్నారు" అనే మాట తప్పకుండా చెప్పండి.

అయితే, ఇంట్లోనే ఉండమనడం అన్నివేళలా సరైంది కాదు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంట గోడల బయటి షీట్ల మీదుగా పాకింది. ఇళ్లలోనే ఉండమన్న సలహాను దాదాపు రెండు గంటల దాకా వెనక్కి తీసుకోలేదు. 72 మంది చనిపోయారు. మంట మీ ఫ్లాట్‌లోనే ఉన్నా, బిల్డింగ్ బయటి గోడ వెంట పాకుతున్నా ఆగకుండా బయటపడాలి.

సమస్య: మెట్లు దిగలేరు, లిఫ్ట్ ఎక్కకూడదు

కరెంటు పోతే లిఫ్ట్ దగ్గరి అంతస్తుకు వెళ్లి ఆగే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. ఆ అంతస్తులోనే మంట ఉంటే? ఫైర్ లిఫ్ట్ ఉన్నా అది సిబ్బంది నడిపేది, మనం ఎక్కేది కాదు.

వీల్‌చైర్ మెట్ల మీద పనికిరాదు. మెట్ల అంచులు పట్టుకుంటూ బెల్టు మీద జారే ఎవాక్యుయేషన్ చైర్ కావాలి. బ్లాకుకు ఒక్కటైనా అసోసియేషన్ కొనాలి, నలుగురైదుగురు దాన్ని వాడడం నేర్చుకోవాలి. మేనేజర్ గదిలో తాళం వేసి పెట్టేదానికి కొనడమెందుకు?

అది లేకపోతే గట్టి చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, కాస్త వెనక్కి వాల్చి, ఇద్దరు మోయాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, దాని కాళ్లు విరుగుతాయి. కూర్చోగలిగినవాళ్లు ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ దిగడం కూడా మంచి పద్ధతే. నామోషీ అనుకుంటారు కాబట్టి ముందే ఒకసారి చేయించండి.

ఒక్క ఊపున కిందిదాకా దింపలేకపోతే, మంట ఉన్న అంతస్తు దాటి కిందికి తెచ్చాక ఊపిరి పీల్చుకోవచ్చు. రెఫ్యూజ్ ఏరియా (మంటలప్పుడు ఆగి సాయం కోసం ఎదురుచూసేందుకు వదిలిన ఖాళీ చోటు) ఉన్న టవర్ అయితే అక్కడ కూర్చోబెట్టొచ్చు. కానీ అదెక్కడుందో, అందులో పాత సోఫాలు పేర్చారో ఇప్పుడే వెళ్లి చూడండి.

సమస్య: "నేను రాను, మీరు వెళ్లండి"

మందులు, కళ్లజోడు, బీరువాలో బంగారం వదిలి కదలబుద్ధి కాదు. మందుల చీటీ, వారానికి సరిపడా మాత్రలు, కళ్లజోడు, ఆధార్ జిరాక్స్ ఉన్న సంచి తలుపు పక్కనే తగిలించండి. ఆ సమయంలో వాదన పెట్టుకోకండి. "అత్తయ్యా, నా చెయ్యి పట్టుకోండి" అంటే లేస్తారు.

సమస్య: సాయానికి ఎవరూ రాలేదు

పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. సీసీ కెమెరా చూపిస్తుంది తప్ప ఎత్తుకెళ్లదు. అదే అంతస్తులో పగలు ఉండేవాళ్లొకరు, రాత్రి ఉండేవాళ్లొకరు అని పేరు పెట్టి ఒప్పించండి. అందరూ చూసుకుంటారు అనుకుంటే ఎవరూ రారు. నడవలేనివాళ్ల ఫ్లాట్ నంబర్ల జాబితా సెక్యూరిటీ గదిలో ఉండాలి, నైట్ షిఫ్ట్ వాచ్‌మన్‌కు కూడా తెలియాలి. ఆక్సిజన్ మిషన్ వాడేవాళ్ల పేరు పక్కన ఆ సంగతి రాయండి. కరెంటు పోతే అది ఆగిపోతుంది, ముందు వాళ్ల దగ్గరికే వెళ్లాలి.