లింగం కాలమ్ సరిచేసిన తీరు: పర్లాకిమిడి క్లినిక్ రికార్డులు

రెండు సాఫ్ట్‌వేర్ల రికార్డులు కలిపాక ట్రాన్స్‌జెండర్ రోగుల ల్యాబ్ రిపోర్టుల్లో, లింగాన్ని బట్టి మారే నార్మల్ రేంజ్ (సాధారణ హద్దులు) ఖాళీగా వచ్చేది. డ్రాప్‌డౌన్‌లో 'ఇతరులు' చేర్చినా, ఖాళీ గళ్లను దానితో నింపినా లాభం లేకపోయింది.

ముందు బ్యాకప్ తీసి, పాత కాలమ్‌ను ముట్టుకోకుండా ఉంచాను. తర్వాత ప్రతి విలువకూ, అది ఏ సాఫ్ట్‌వేర్‌దో చేర్చి, మ్యాపింగ్ పట్టిక (పాత విలువకు అర్థమేమిటో చూపేది) రాశాను. లింగానికి అంకెల కోడ్లిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5218లో 1 పురుషుడు, 2 స్త్రీ. డ్రాప్‌డౌన్‌లోని వరుస నంబరునే భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌లో 1 స్త్రీ కావచ్చు. ఖాళీ అంటే 'తెలియదు', అంతే.

అసలు పని చేసింది కాలమ్‌ను మూడుగా విడగొట్టడం: రిజిస్ట్రేషన్ లింగం, రోగి స్వయంగా చెప్పిన జెండర్, ఆ పరీక్షకు వర్తించే లింగం. మూడోది డాక్టరు ఆర్డరుతోపాటే నింపాలి, రేంజ్ దానికే ముడిపెట్టాలి. ఉదాహరణకు, రక్తహీనతకు హిమోగ్లోబిన్ హద్దు పురుషులకు డెసిలీటరుకు 13 గ్రాములు, గర్భిణులు కాని స్త్రీలకు 12. మూడోది నింపకపోతే రెండు రేంజ్‌లూ అచ్చవ్వాలి. ఊహించి ఒకటి వేయడం రోగికి అన్యాయం.

లింగాన్ని ఒక్క అక్షరంగానే తీసుకునే ల్యాబ్ మిషన్లతో ఇది నేరుగా కుదరకపోవచ్చు.