సొంత గేమ్‌ను కన్సోల్‌పై విడుదల చేయడం: దరఖాస్తు నుంచి తొలి ప్యాచ్ దాకా

పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ పెట్టాలంటే 100 డాలర్లు కట్టి, వివరాలు నింపి, 30 రోజుల గడువు దాటితే దాదాపు సరిపోతుంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ అనే కన్సోళ్ల దగ్గర ఆ లెక్క సాగదు. అక్కడ ముందు మిమ్మల్ని డెవలపర్‌గా ఒప్పుకోవాలి, ఆ తర్వాత మీ గేమ్ ప్రతిపాదనను ఒప్పుకోవాలి, చివరికి తయారైన గేమ్‌ను పరీక్షించి ఒప్పుకోవాలి. ఈ మూడో ఒప్పుదలనే సర్టిఫికేషన్ అంటారు. తొలిసారి కన్సోల్ వైపు వచ్చే చిన్న బృందాలు దీన్ని ఆఖరి వారం పనిగా వదిలేసి దెబ్బతింటాయి. మేమూ అలాగే తిన్నాం కాబట్టి, మొదటి నెల నుంచే దాన్ని పనిలో ఎలా కలుపుకోవాలో ఇక్కడ ఎక్కువగా చెబుతాను.

దరఖాస్తు సంగతి ముందు చూద్దాం. మైక్రోసాఫ్ట్ 2013 ఆగస్టులో ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్ అనే కార్యక్రమాన్ని ప్రకటించిన తర్వాతే, పబ్లిషర్ (గేమ్‌ను మార్కెట్‌లోకి తెచ్చే సంస్థ) అండ లేకుండా చిన్న బృందాలు ఎక్స్‌బాక్స్ వన్‌లో నేరుగా గేమ్ అమ్ముకునే వీలు కలిగింది. అంతకుముందు ఎక్స్‌బాక్స్ 360 ప్రధాన స్టోర్‌లోకి రావాలంటే పబ్లిషర్ తప్పనిసరిగా ఉండేవాడు. సోనీకి ప్లేస్టేషన్ పార్ట్‌నర్స్ అనే వేదిక ఉంది. నింటెండో 2016లో తన డెవలపర్ పోర్టల్ నమోదును అందరికీ ఉచితంగా తెరిచింది, అయితే స్విచ్‌కు పని చేయాలంటే నమోదు తర్వాత విడిగా అనుమతి అడగాలి. ఈ మూడు చోట్లా మీ మాటలకన్నా మీ గేమ్ ఆడుతున్న వీడియోకే విలువ ఎక్కువ. ఇరవై పేజీల డిజైన్ పత్రం పంపే బదులు, మొదటి పదిహేను సెకన్లలోనే ఆట తీరు అర్థమయ్యే రెండు నిమిషాల వీడియో, ఎవరు ఏ పని చేస్తున్నారో చెప్పే ఒక పేజీ, ఎప్పటికి పూర్తవుతుందో నిజాయితీగా వేసుకున్న అంచనా పంపండి. కంపెనీ పేరుతో, సొంత డొమైన్ ఉన్న ఈమెయిల్‌తో దరఖాస్తు చేయడం మంచిది. వ్యక్తిగత ఈమెయిల్ చిరునామా చూసి పక్కన పెట్టారని ఎవరూ చెప్పరు గానీ, అలాంటి అనుమానానికి తావివ్వకపోవడమే మేలు.

మనవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. 2023లో సోనీ మొదలుపెట్టిన ఇండియా హీరో ప్రాజెక్ట్ భారతీయ బృందాలను ఎంపిక చేసి ప్లేస్టేషన్ 5 దాకా తీసుకువెళ్లేందుకు సాయం చేస్తోంది. ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో జరుగుతూ వచ్చిన ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ వంటి సభల్లో కన్సోల్ సంస్థల ప్రతినిధులను ముఖాముఖి కలవవచ్చు. పబ్లిషర్‌తో వెళ్లడాన్ని తక్కువగా చూడనవసరం లేదు. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ బృందం చేసిన రాజీ గేమ్‌కు 2017లో జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో నిధులు సమకూరలేదు, అయినా పబ్లిషర్ తోడుతో 2020 ఆగస్టులో ముందు స్విచ్‌పైకి, అక్టోబర్‌లో మిగతా కన్సోళ్లపైకి వచ్చింది. ఒక కన్సోల్‌తో మొదలుపెట్టి తర్వాత మిగతావాటికి వెళ్లడం నలుగురైదుగురు ఉన్న బృందానికి ఎంతో ఊరట. మూడింటికీ ఒకేసారి వెళ్లమని నేనైతే ఎవరికీ చెప్పను.

ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఎంచుకునేటప్పుడే కన్సోల్ ఖర్చు లెక్కలోకి రావాలి. యూనిటీలో కన్సోల్ బిల్డ్ (కన్సోల్‌పై నడిచే గేమ్ ప్రతి) చేయాలంటే ప్రో స్థాయి లైసెన్స్ గానీ, కన్సోల్ సంస్థ ఇచ్చే ప్రత్యేక కీ గానీ ఉండాలి. అన్‌రియల్‌లో ఒక గేమ్ మొత్తం ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాకే 5 శాతం రాయల్టీ మొదలవుతుంది. గోడో ఉచితమే, దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. సరిగ్గా ఆ కారణంగానే, రహస్య ఒప్పందం కింద ఉండే కన్సోల్ కోడ్‌ను అందులో కలపడం కుదరదు. కాబట్టి గోడో గేమ్‌ను కన్సోల్‌కు తేవాలంటే పోర్టింగ్ (గేమ్‌ను వేరే యంత్రంపై నడిచేలా మార్చడం) చేసే సంస్థలను ఆశ్రయించాలి, లేదా ఆ పని మీరే చేసుకోవాలి. మీ బృందంలో దిగువస్థాయి కోడ్ రాసేవారు లేకపోతే ఆ రెండో మాట మరిచిపోండి.

అనుమతి వచ్చాక డెవ్‌కిట్, అంటే డెవలపర్ల కోసం తయారుచేసిన ప్రత్యేక కన్సోల్, వస్తుంది. అది సంస్థ ఆస్తే, మీరు దాన్ని అమ్మకూడదు, ఊరు మార్చాలంటే వారికి తెలపాలి. విదేశం నుంచి వచ్చే పెట్టె కాబట్టి కస్టమ్స్‌లో ఆగే అవకాశం ఉంది. ఇన్వాయిస్, ఒప్పందం కాపీ ముందే సిద్ధంగా ఉంచుకుని, ప్రణాళికలో దానికోసం కొన్ని వారాలు వదిలేయండి. వచ్చిన రోజే గేమ్‌ను అందులో నడిపి చూడండి. తొలి స్విచ్‌లో మొత్తం మెమరీ 4 జీబీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ ఉంటే సిరీస్ ఎస్‌లో 10 జీబీయే. ఎక్స్‌బాక్స్‌కు వెళ్లేవారు ఎస్‌నే కొలమానంగా పెట్టుకోవాలి. 2023లో బాల్డర్స్ గేట్ 3 లాంటి భారీ గేమే, తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే సదుపాయం ఎస్‌లో కుదరక ఎక్స్‌బాక్స్‌కు ఆలస్యంగా వచ్చింది.

ఇక సర్టిఫికేషన్. నిబంధనల పత్రాన్ని సోనీ టీఆర్‌సీ అని, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఆర్ అని పిలుస్తాయి; నింటెండో జరిపే పరీక్షను లాట్‌చెక్ అంటారు. అసలు పత్రాలు రహస్య ఒప్పందం కిందివి కాబట్టి వాటిలోని వాక్యాలు ఇక్కడ ఉటంకించడం కుదరదు, కానీ చిన్న బృందాలు ఎక్కడ తప్పుతాయో అందరికీ తెలిసిందే. ఈ పరీక్ష మీరే చేసి చూడండి. బాస్‌తో పోరు జోరుగా సాగుతుండగా కంట్రోలర్‌లోంచి బ్యాటరీలు తీసేయండి. గేమ్ వెంటనే ఆగాలి, కంట్రోలర్‌తో సంబంధం తెగిపోయిందని తెరపై చెప్పాలి, మళ్లీ కలిపినప్పుడు అక్కడి నుంచే కొనసాగాలి. మా గేమ్‌లో పాజ్ మెనూ బాగానే వచ్చేది. కానీ సన్నివేశం మధ్యలో వచ్చే చిన్న సంభాషణలప్పుడు పాజ్‌ను మేమే ఆపి ఉంచాం, సరిగ్గా అప్పుడే పరీక్షకులు కంట్రోలర్ తీశారు. పాత్ర నోరు కదుపుతూనే ఉంది, తెరపై సందేశం లేదు, బిల్డ్ తిరిగి వచ్చింది. సరిదిద్దడానికి ఒక్క పూట పట్టింది, మళ్లీ వరుసలో నిలబడి ఫలితం తెచ్చుకోవడానికి మాత్రం ముందే చాటిన విడుదల తేదీ దాటిపోయింది.

ఇలాంటివే మరికొన్ని. సేవ్ గుర్తు తిరుగుతుండగా గేమ్‌ను మూసేసి, మళ్లీ తెరిచినప్పుడు పాత సేవ్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి. దీనికోసం కొత్త డేటాను వేరే ఫైల్‌లో రాసి, పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెట్టే పద్ధతిని మొదటి నుంచే పాటించండి. నిల్వ నిండిపోయినప్పుడు, ఆడుతున్నవారి ఖాతా మధ్యలో మారినప్పుడు, కన్సోల్‌ను నిద్రపుచ్చి మరుసటి రోజు లేపినప్పుడు ఏమవుతుందో పరీక్షించండి. ముఖ్యమైన రాత ఏదీ టీవీ అంచులకు మరీ దగ్గరగా ఉండకూడదు. బటన్ల పేర్లు ఆయా సంస్థ చెప్పినట్టే రాయాలి. ‘A’ అని రాసి ఉన్న బటన్ ఎక్స్‌బాక్స్‌లో కింద ఉంటుంది, నింటెండోలో కుడివైపు ఉంటుంది. అందుకే కోడ్‌లో బటన్ పేరు కాకుండా ‘ఒప్పుకో’, ‘వెనక్కి’ అనే పనులను పెట్టుకుని, ఏ పని ఏ బటన్‌కు అన్నది ఒక్కచోటే తేల్చండి.

తెలుగులో గేమ్ తెచ్చేవారికి ఒక మాట. పీసీలో అక్షరం లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఫాంట్ ఆదుకుంటుంది, కన్సోల్‌లో ఆ ఆసరాను నమ్ముకోవద్దు, ఫాంట్ మీరే గేమ్‌తో పాటు ఇవ్వాలి. పైగా ఫాంట్ ఉన్నంత మాత్రాన వత్తులు కుదురుకోవు. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ‘స్త్రీ’ అనే మాటను పొల్లులతో విడగొట్టి చూపిస్తుంది. గోడో 4లోనూ, అన్‌రియల్‌లోనూ ఉన్న హార్ఫ్‌బజ్ లైబ్రరీ వత్తులను సరిగ్గా కలుపుతుంది. మీ ఇంజిన్‌లో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్ఞానం’ ఈ మూడూ సరిగ్గా వస్తున్నాయో లేదో మొదటి వారంలోనే చూసుకోండి. తొలి స్విచ్ చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు తెర 6.2 అంగుళాలే కాబట్టి, కింద వత్తులుండే మన లిపికి ఇంగ్లిష్ కన్నా పెద్ద సైజు, ఎక్కువ వరుస దూరం కావాలి.

వయసు రేటింగ్ కోసం ఐఏఆర్‌సీ (పలు దేశాల రేటింగ్ సంస్థల ఉమ్మడి వేదిక) ప్రశ్నావళి నింపితే డిజిటల్ విడుదలకు చాలా దేశాల రేటింగ్ ఉచితంగా వస్తుంది. అమ్మకంలో సాధారణంగా 30 శాతం స్టోర్‌ది. అమెరికా నుంచి వచ్చే రాయల్టీపై పన్ను పత్రం ఇవ్వకపోతే 30 శాతం కోత పడుతుంది. వ్యక్తి అయితే డబ్ల్యూ-8బెన్, కంపెనీ అయితే డబ్ల్యూ-8బెన్-ఈ నింపి, పాన్ నంబర్ ఇచ్చి, భారత్–అమెరికా పన్ను ఒప్పందాన్ని పేర్కొంటే అది 15 శాతానికి తగ్గుతుంది. ఆ 15 శాతానికి ఇక్కడ క్రెడిట్ తెచ్చుకోవడం, ఎగుమతికి జీఎస్టీ కట్టనవసరం లేకుండా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయడం మీ ఆడిటర్‌కు మొదటి చెల్లింపు రాకముందే అప్పగించండి.

విడుదలయ్యాక లోపాలు సరిదిద్దేందుకు వచ్చే తొలి అప్‌డేట్‌ను, అంటే ప్యాచ్‌ను, తేలిగ్గా తీసుకోవద్దు. 2012లో ఎక్స్‌బాక్స్ 360లో ఫెజ్ గేమ్ ప్యాచ్ వల్ల, ఆట దాదాపు పూర్తిచేసిన కొద్దిమంది సేవ్ ఫైళ్లు చెడిపోయాయి. మరో ప్యాచ్‌ను మళ్లీ సర్టిఫికేషన్‌కు పంపాలంటే అప్పట్లో భారీ రుసుము కట్టాల్సి ఉండడంతో, ఆ బృందం వెనక్కి తీసుకున్న అదే ప్యాచ్‌ను తిరిగి అందుబాటులో ఉంచింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ రుసుమును ఎత్తేసింది. ఇప్పుడు డబ్బు భయం లేకపోయినా, చెడిన సేవ్ తిరిగి రాదు. అందుకే విడుదల బిల్డ్‌తో ప్రతి అధ్యాయం చివర ఒక సేవ్ తీసి, ఆట నూటికి నూరుపాళ్లు పూర్తిచేసిన సేవ్ కూడా ఒకటి చేర్చి, విడిగా దాచి ఉంచండి. ఏ ప్యాచ్ పంపే ముందైనా ఆ పాత సేవ్‌లన్నిటినీ డెవ్‌కిట్‌పై ఒక్కొక్కటిగా తెరిచి, కనీసం ఐదు నిమిషాలు ఆడి, మళ్లీ సేవ్ చేసి చూడండి.