చిన్న పాటల బృందానికి తాళవాద్యాలు, ట్రాక్‌లు సమకూర్చుకునే విధానం

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఉద్యోగాలో చదువులో చూసుకుంటూ సాయంత్రాలు కలిసి పాడుకునే చిన్న బృందాలు చాలావరకు ఒకే దారిలో మొదలవుతాయి. ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, వీలైతే ఒక గిటారు ఉంటాయి. లయ కోసం మాత్రం సిద్ధంగా దొరికే కరోకే ట్రాక్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేదిక ఎక్కుతారు. మా బృందం కూడా మొదటి ఏడాది అలాగే నడిచింది. ఆ ట్రాక్ వేరే గాయకుడి శ్రుతిలో, వేరే వేగంలో ఉండటం వల్ల మా గాయని పై స్థాయిలో ఇబ్బంది పడేది, పాటలో ఒక పంక్తిని మళ్ళీ పాడమని శ్రోతలు కోరినా పాడే వీలుండేది కాదు. అందువల్ల కొత్త బృందాలకు నేను చెప్పేది ఇది: లయ మనిషి చేతిలో ఉండాలి, ఆ చేతికి అందని వాటినే ట్రాక్‌లో ఉంచాలి. ఏది ముందు కొనాలో, ఏది తరువాత కొనాలో కూడా దీన్నిబట్టే నిర్ణయించుకోవాలి.

వాద్యం కొనే ముందు గాయకుల శ్రుతి తేల్చుకోవాలి. హార్మోనియం మెట్ల లెక్కలో పురుషులు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలోనూ, స్త్రీలు అయిదు, అయిదున్నర, ఆరు శ్రుతులలోనూ పాడటం సాధారణం కాబట్టి, ఒకే తబలా ఇద్దరికీ సరిపోదు. తబలా ముఖం చిన్నదైన కొద్దీ శ్రుతి పెరుగుతుంది. దుకాణానికి గాయకుడిని వెంట తీసుకువెళ్ళి, శ్రుతిపెట్టెతో సరిచూసి కొనడం మంచిది. మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉన్న ఊరు కావడంతో విజయనగరంలో మృదంగం నేర్చినవారు బృందంలో ఒకరైనా దొరకవచ్చు. అలా దొరికితే కొత్త వాద్యం కొనకుండా ఆ మృదంగంతోనే మొదలుపెట్టవచ్చు. అయితే మృదంగాలలో పొడవైనది తగ్గు శ్రుతికి, పొట్టిది హెచ్చు శ్రుతికి అన్న విషయం గుర్తుంచుకోవాలి.

తబలా, మృదంగం వాయించేవారు లేకపోతే ఢోలక్ కొనాలని నా సలహా. సినిమా పాటకు, భజనకు, జానపదానికి అది ఒక్కటే సరిపోతుంది. తాళ్ళతో బిగించే దానికంటే నట్టు బోల్టులతో బిగించే ఢోలక్ కొత్తవారికి అనుకూలం, ఎందుకంటే వేదిక పక్కన నిలబడి రెండు నిమిషాలలో శ్రుతి చేసుకోవచ్చు. పెరూ దేశపు చెక్కపెట్టె వాద్యమైన కహోన్ కూడా ఇప్పుడు మనవారికి పరిచయమైంది. అద్దె ఇంట్లో సాధన చేసుకునేవారికి అది బాగా ఉపకరిస్తుంది, కానీ ఆరుబయట పెద్ద గుంపు ముందు మైకు లేకుండా వినపడదు. పూర్తి డ్రమ్ సెట్ మాత్రం మొదటి రెండేళ్ళు కొనవద్దు. దాన్ని మోయడానికి బండి కావాలి, వినిపించడానికి నాలుగైదు మైకులు కావాలి, చిన్న పందిరిలో అది గాయకుల గొంతును మింగేస్తుంది.

చర్మవాద్యాలకు మన ప్రాంతపు చెమ్మ పెద్ద పరీక్ష. కళింగపట్నం వంటి తీరగ్రామాలలో రాత్రి తొమ్మిది దాటేసరికి చర్మం తేమ పీల్చుకుని వదులవుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. డప్పు కళాకారులు మంట దగ్గర వాద్యాన్ని కాచుకోవడం చూసి తబలానో మృదంగాన్నో అలా కాచకూడదు, నడుమనున్న నల్లటి పూత పగిలిపోతుంది. తబలా వాద్యకారుడు సుత్తిని పక్కనే ఉంచుకుని, మూడు పాటలకు ఒకసారి శ్రుతి చూసుకోవాలి. తోళ్ళ పట్టీల కింద ఉన్న కర్రముక్కలను కిందికి కొడితే శ్రుతి బాగా పెరుగుతుంది, ముఖం చుట్టూ ఉన్న అల్లికపై మెల్లగా తట్టితే సన్నని తేడాలు సర్దుకుంటాయి. ట్రాక్‌తో కలిసి వాయించేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే ట్రాక్ శ్రుతి చలికీ చెమ్మకూ మారదు.

రెండవ కొనుగోలు రిథమ్ ప్యాడ్, అంటే కర్రలతో కొడితే రకరకాల వాద్యధ్వనులు పలికే ఎలక్ట్రానిక్ వాద్యం. రోలాండ్ ఆక్టోపాడ్ వంటి ఎనిమిది ప్యాడ్ల వాద్యంలో డ్రమ్ ధ్వనులతో పాటు తబలా, ఢోలక్ ధ్వనులు కూడా సిద్ధంగా ఉంటాయి. అదే సంస్థ తయారుచేసిన ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ వంటి శాంప్లింగ్ ప్యాడ్‌లో అయితే మనం రికార్డు చేసుకున్న ధ్వనులను కూడా ఎక్కించుకోవచ్చు. ఉత్తరాంధ్ర బృందానికి ఈ రెండవ సౌకర్యం ఎంతో విలువైనది. తప్పెటగుళ్ళ కళాకారులు రొమ్ముకు కట్టుకుని వాయించే రేకు తప్పెట శబ్దాన్నీ, జముకు వాద్యపు తీగను లాగినప్పుడు వచ్చే శబ్దాన్నీ ఏ విదేశీ ప్యాడ్ కూడా సిద్ధంగా ఇవ్వదు. ఆ కళాకారులను పిలిచి, ఎందుకోసమో ముందుగా చెప్పి, తగిన పారితోషికం ఇచ్చి, ఒక నిశ్శబ్దమైన గదిలో విడివిడి దెబ్బలుగా రికార్డు చేసుకోవాలి. వారి ధ్వనిని వేదికపై వాడినప్పుడల్లా వారి పేర్లు, ఊరి పేరు ప్రకటించడం మన బాధ్యత. పండుగల రోజుల్లో అయితే ప్యాడ్ పక్కన పెట్టి ఆ కళాకారులనే వేదికపైకి ఆహ్వానించాలి.

మైకుల విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. తాళవాద్యానికి రెండు, గాయకులకు తలా ఒకటి చొప్పున డైనమిక్ మైకులు చాలు. మైకుసెట్టు అద్దెకు తెచ్చుకున్నా ఇవి మాత్రం సొంతంగా ఉండాలి.

ఇక ట్రాక్ తయారీకి వద్దాం. ముందుగా గాయకుడు, తాళవాద్యకారుడు ఇద్దరే కూర్చుని పాటను మూడుసార్లు సహజంగా పాడి ఫోన్‌లో రికార్డు చేయాలి. మూడింటి వేగాన్ని మెట్రోనోమ్‌తో (సమాన వ్యవధిలో దెబ్బలు వినిపించే పరికరంతో) కొలిచి, గాయకుడికి హాయిగా ఉన్న వేగాన్ని ఖాయం చేసుకోవాలి. ఉదాహరణకు నిమిషానికి 96 దెబ్బల వేగంలో, దెబ్బకు ఒక అక్షరం చొప్పున, ఎనిమిది అక్షరాల ఆవృత్తం (తాళం ఒక చుట్టు) సరిగ్గా 5 సెకన్లలో పూర్తవుతుంది. తరువాత పల్లవి ఎన్ని ఆవృత్తాలు, నడుమ వాద్యసంగీతం ఎన్ని, చరణం ఎన్ని అన్న లెక్కను కాగితంపై రాసి అందరికీ ఇవ్వాలి. అప్పుడే కీబోర్డుతో బేస్, వయొలిన్ల గుంపు, వేణువు వంటి భాగాలను ఒక్కొక్కటిగా రికార్డు చేయాలి. ఢోలక్ వరుసను ట్రాక్‌లో చేర్చకూడదు, ఎందుకంటే వేదికపై వాయించే చేతికీ దానికీ మధ్య వచ్చే చిన్న తేడా కూడా వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఈ పనికంతటికీ ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. శ్రుతి మార్చకుండా వేగాన్ని, వేగం మార్చకుండా శ్రుతిని సర్దే వీలు అందులో ఉంది. అయితే ఒక స్వరస్థానం, మహా అయితే రెండు దాటి మారిస్తే వాద్యధ్వని సహజత్వం పోతుంది కాబట్టి, గాయకుడి శ్రుతిలోనే మొదటి నుంచీ రికార్డు చేయడం మేలు.

పూర్తయిన ట్రాక్‌ను స్టీరియోగా భద్రపరిచేటప్పుడు కుడివైపు సంగీతమంతా, ఎడమవైపు క్లిక్ (వేగాన్ని చూపే టిక్ టిక్ శబ్దం) మాత్రమే ఉండేలా చూడాలి. కుడివైపుది శ్రోతలకు, ఎడమవైపుది తాళవాద్యకారుడి చెవిలోని ఇయర్‌ఫోన్‌కు వెళుతుంది. క్లిక్ వైపు పాట మొదలయ్యే ముందు రెండు ఆవృత్తాల లెక్కనూ, ప్రతి భాగానికి ముందు 'చరణం', 'పల్లవి' అన్న మాటనూ మన గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకుంటే ఎవరూ దారి తప్పరు. ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా ఉంచుకోవాలి, ఎంపీ3గా మార్చినప్పుడు మొదట్లో అతిచిన్న నిశ్శబ్దం చేరుతుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో నాలుగు నిమిషాల పాట సుమారు 42 మెగాబైట్లు మాత్రమే కాబట్టి ఇరవై పాటలు ఏ ఫోన్‌లోనైనా పడతాయి.

వేదికపై బ్లూటూత్ వాడకూడదు. అది శబ్దాన్ని సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు వరకు ఆలస్యం చేయగలదు. 96 వేగంలో అయిదో వంతు సెకను అంటే దాదాపు మూడో వంతు దెబ్బ, అంత తేడాతో ఏ వాద్యకారుడూ తాళం నిలపలేడు. ఫోన్ నుంచి రెండు పిన్నులుగా చీలే కేబుల్ తీసి, సంగీతపు పిన్నును డీఐ బాక్స్ (శబ్ద సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) ద్వారా మిక్సర్‌కు, క్లిక్ పిన్నును చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు కలపాలి. ఫోన్‌కు బదులు ల్యాప్‌టాప్‌తో ట్రాక్ నడిపేవారు జనరేటర్‌పై నడిచే పందిళ్ళలో దాని చార్జర్ పెట్టి ఉంచితే స్పీకర్లలో గుయ్‌మనే శబ్దం వస్తుంది. ఆ సమయంలో చార్జర్ తీసేసి బ్యాటరీపై నడిపితే చాలావరకు పోతుంది. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో పాట నడుమ మా ఫోన్‌కు కాల్ వచ్చి ట్రాక్ ఆగిపోయింది. ఆనాటి నుంచి సిమ్ లేని పాత ఫోన్‌ను ఇందుకోసమే కేటాయించి, ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, అదే క్రమంలో పాటలున్న రెండవ ఫోన్‌ను పక్కనే పెట్టుకుంటున్నాము. ట్రాక్ ఆగినా ఢోలక్ ఆగకూడదని అభ్యాసంలోనే నిర్ణయించుకోవాలి. వారానికి ఒకసారి ఒకరు చెప్పకుండా ట్రాక్‌ను ఆపివేయాలి, మిగిలినవారు పాటను చివరిదాకా నడపాలి.

ఇతరుల పాటలు వాడేటప్పుడు హక్కుల సంగతి చూసుకోవాలి. మతపరమైన కార్యక్రమాలకు, పెళ్ళి ఊరేగింపులకు, పెళ్ళికి సంబంధించిన వేడుకలకు 1957 నాటి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టిక్కెట్టు పెట్టిన కచేరీకి అది వర్తించదు కాబట్టి నిర్వాహకులతో అనుమతుల గురించి ముందే మాట్లాడుకోవాలి. లౌడ్‌స్పీకర్‌కు లిఖితపూర్వక అనుమతి కూడా నిర్వాహకులు తీసుకున్నారో లేదో అడగాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన కొద్ది పండుగ రోజులలో అర్ధరాత్రి వరకు వీలుంటుంది. పల్లెలలో కార్యక్రమం ఆలస్యంగా మొదలవడం మామూలే కాబట్టి, ట్రాక్ అవసరం లేని రెండు పాటలను మేము ఎప్పుడూ చివరకు ఉంచుతాము. పది గంటలకు మైకులు ఆపవలసి వచ్చినా ఢోలక్‌తో, చేతి తాళాలతో ఆ రెండూ పూర్తవుతాయి.