ఇల్లు కొనేవారికి చట్టం, 4వ పాఠం: బ్రోచర్‌లో ఒకటి, ఇంట్లో మరొకటి

గత పాఠంలో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి, మంజూరైన ప్లాను, స్పెసిఫికేషన్లు డౌన్‌లోడ్ చేసుకునేదాకా వచ్చాం. ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా వాటితోనే పని. ఎక్కువగా బిల్డర్ దగ్గర కొన్న కొత్త ఫ్లాట్ల గురించే మాట్లాడుకుందాం. రీసేల్‌కు దారి వేరు, చివర్లో నాలుగు మాటలు చెబుతాం.

మాటల్ని జల్లెడ పట్టడం

ప్రకటనలో ఉన్న ప్రతి మాటా కేసు కాదు. "ప్రశాంత జీవనం", "రాచఠీవి" లాంటివి పక్కన పడేయండి. టేపుతో కొలవగలిగినది, లెక్కపెట్టగలిగినది, ఉందో లేదో కంటితో చూసి చెప్పగలిగినది మాత్రమే పనికొస్తుంది. కార్పెట్ ఏరియా 1,100 చదరపు అడుగులు, బ్లాకుకు రెండు లిఫ్టులు, ప్రతి ఫ్లాటుకూ కవర్డ్ పార్కింగ్, మంజీరా నీటి కనెక్షన్, ప్రధాన ద్వారానికి టేకు చెక్క: ఇవన్నీ నిలబడే మాటలు. "ఓఆర్‌ఆర్‌కు (ఔటర్ రింగ్ రోడ్డుకు) ఐదు నిమిషాలు" అన్నది మధ్యరకం. తెల్లవారుజామున నాలుగింటికి నిజంగానే ఐదు నిమిషాలు పట్టవచ్చు! దాన్నొక్కదాన్నే పట్టుకుని ఫిర్యాదుకు వెళ్లకండి.

ఇంకో తేడా కూడా ముందే తేల్చుకోవాలి. రెండు లిఫ్టులని చెప్పి ఒకటే పెడితే అది తప్పుడు ప్రకటన: 2016 నాటి రెరా చట్టంలో 12వ సెక్షన్. రెండూ ఉన్నాయి గానీ ఒకటి వారానికోసారి ఆగిపోతోందంటే అది లోపం: 14వ సెక్షన్, మూడో ఉపవిభాగం. లోపాన్ని స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. రెంటినీ కలిపేసి రాసిన ఫిర్యాదుకు రిపేరు ఉత్తర్వు వచ్చి, నష్టపరిహారం రాకపోవచ్చు.

12వ సెక్షన్ ఏమంటోంది

ప్రకటన, ప్రాస్పెక్టస్ లేదా మోడల్ ఫ్లాట్ చూసి, దాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చినవారికి అందులోని తప్పుడు మాట వల్ల నష్టం జరిగితే ప్రమోటర్, అంటే ప్రాజెక్టు కట్టే లేదా అమ్మే బిల్డర్, పరిహారం చెల్లించాలి. ప్రాజెక్టు నుంచే తప్పుకుంటానంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో, పరిహారంతో తిరిగివ్వాలి. తెలంగాణ నిబంధనల ప్రకారం ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు (అప్పులకు బ్యాంకు ప్రామాణికంగా పెట్టుకునే వడ్డీ రేటుకు) 2 శాతం కలిపినంత.

ఇక్కడ కీలకం "చూసి, నమ్మి" అన్నది. ప్రకటన తేదీ మీరు డబ్బు కట్టిన తేదీకి ముందుండాలి. జనవరిలో బుక్ చేసి, జూన్‌లో అచ్చైన బ్రోచర్ పట్టుకొస్తే బిల్డర్ లాయరు మొదట అడిగేది ఆ సంగతే. ప్రకటన అంటే పేపర్లో పడిందొక్కటే కాదు, ఏ మాధ్యమంలో ప్రచారం చేసినా చట్టం దృష్టిలో ప్రకటనే. సేల్స్ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ కూడా అందులోకే వస్తుంది. ఆ మెసేజి తేదీ, పంపిన నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, ఫోను మార్చినా అసలు చాట్ చెరపకండి. మోడల్ ఫ్లాట్‌ను వీడియో తీసి ఉంటే అది బంగారమే, ఎందుకంటే అమ్మకాలు అయిపోగానే దాని రూపం మారిపోతుంది.

టేపు పట్టుకోవడం

ఎక్కువ తగాదాలు విస్తీర్ణం మీదే. చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు, మీ బాల్కనీ, మీ ఓపెన్ టెర్రస్ కలవవు. లోపలి అడ్డుగోడల మందం మాత్రం కలుస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: గది గది కొలిచి కూడేసి, "తక్కువుంది" అని పరుగెత్తుతారు.

నడుము ఎత్తులో, స్కర్టింగ్ టైలుకు పైన, ప్లాస్టరింగ్ అయిన గోడ నుంచి గోడకు కొలవండి. ప్రతి గదికీ రెండు చోట్ల కొలిచి సగటు తీయండి, ఎందుకంటే గోడలు మూలమట్టానికి ఉండటం అరుదు. గదులన్నీ కలిపి 1,005.5 చదరపు అడుగులు వచ్చాయనుకుందాం. లోపలి గోడల మొత్తం పొడవు, గుమ్మాల వెడల్పుతో సహా, 60 అడుగులు, మందం నాలుగున్నర అంగుళాలు, అంటే 0.375 అడుగు. 60ని 0.375తో గుణిస్తే 22.5. కలిపితే 1,028. బ్రోచర్‌లో 1,100 ఉంది కాబట్టి 72 చదరపు అడుగులు తక్కువ. కార్పెట్ ఏరియా మీద అడుగుకు రూ.6,500 చొప్పున కట్టి ఉంటే తేడా రూ.4,68,000. గోడల సంగతి మరిచి ఉంటే 94.5 అని రాసేవారు, అవతలివాళ్లు ఆ ఒక్క తప్పును చూపించి మీ కొలతలన్నిటినీ కొట్టిపారేసేవారు.

రెరా సైట్‌లో చదరపు మీటర్లు ఉంటే 10.764తో గుణించండి. సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, కారిడార్ల లాంటి ఉమ్మడి స్థలాల వాటా కూడా కలిపిన విస్తీర్ణం) లెక్కన కొన్నవారు అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా ఎంత రాశారో ముందు వెతకాలి, పోల్చాల్సింది దానితో. మీ కొలత తర్వాత లైసెన్సున్న సర్వేయరు లేదా ఇంజనీరు చేత సంతకంతో రిపోర్టు తీసుకోండి.

ఫిర్యాదుకు వెన్నెముక

ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి: ఏం చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఏం ఇచ్చారు, నష్టమెంత. ఒక మాటకు ఒక వరుస. ఉదాహరణకు: "స్టిల్ట్‌లో కవర్డ్ పార్కింగ్ ఒకటి; బ్రోచర్ 7వ పేజీ, బుకింగ్‌కు 12 రోజుల ముందు ఈమెయిల్‌లో వచ్చింది; ప్రహరీ పక్కన ఓపెన్ స్థలం ఇచ్చారు, ఫొటో 3; పార్కింగ్‌కు కట్టింది రూ.3,00,000, రసీదు 5." రెండో గడి ఖాళీగా ఉన్న వరుసను కొట్టేయండి. నోటిమాటగా చెప్పిందంటూ పది వరుసలు రాసేకంటే కాగితం ఉన్న మూడు వరుసలు మేలు.

ఈ పట్టికనే నోటీసుకు జత చేసి, 15 రోజులో 30 రోజులో గడువు పెట్టి, ఫలానాది కావాలని ఒకే వాక్యంలో అడగండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ రుజువు దాచండి. ఈమెయిల్ కూడా చేయండి.

నోటీసు ఎవరికి? మన దగ్గర చాలా అపార్టుమెంట్లు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద లేచినవే, అంటే స్థలం ఒకరిది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. కట్టినవారు ఒకరు, తన వాటాకు వచ్చిన ఫ్లాటు మీకు అమ్మిన స్థల యజమాని ఇంకొకరు అయితే చట్టం ఇద్దర్నీ ప్రమోటర్లుగానే చూస్తుంది. ఇద్దర్నీ చేర్చండి. ఒకర్ని వదిలేస్తే రెండోవారు వాళ్ల మీదకు నెట్టేసి తప్పుకుంటారు.

ఏ తలుపు తట్టాలి

ఏం అడుగుతున్నారన్నదే దీన్ని నిర్ణయిస్తుంది. డబ్బు వాపసు, వడ్డీ, చెప్పింది కట్టించడం కావాలంటే రెరా అథారిటీకి, ఫారం ఎం. నష్టపరిహారం కావాలంటే అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కు (పరిహారం ఎంతో తేల్చే రెరా అధికారికి), ఫారం ఎన్. ఈ విభజనను సుప్రీంకోర్టు 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో ఖాయం చేసింది. రెండూ కావాలంటే రెండు ఫారాలు. ఫారం ఎంలో పరిహారం అడిగి నెలల తరబడి తిరిగి, "మా పరిధి కాదు" అనిపించుకోవడం తరచూ జరిగేదే.

వినియోగదారుల కమిషన్ దారి కూడా తెరిచే ఉంది. రెరా ఉన్నంత మాత్రాన అది మూసుకుపోదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ తీర్పు చెప్పింది. చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు జిల్లా కమిషన్, రూ.2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. మీరు ఉండే చోటే వేయవచ్చు కాబట్టి ఊరికి దూరంగా కొన్నవారికి ఇది సుఖం. ఒకే కోరికతో రెండుచోట్లా వేయకూడదు, ఒకటి ఎంచుకోవాల్సిందే.

తాళాలు తీసుకునేటప్పుడు "అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి" అని అచ్చేసిన కాగితం ముందు పెడతారు. దాని కిందే "పార్కింగ్, విస్తీర్ణంపై అభ్యంతరాలతో స్వీకరించాను" అని చేత్తో రాసి సంతకం చేసి, ఫొటో తీసుకోండి. రాయకుండా తీసుకున్నవారు కూడా నిరాశపడనక్కర్లేదు. బెంగళూరులోని ఒక డీఎల్‌ఎఫ్ ప్రాజెక్టు కేసులో, సేల్ డీడ్ చేయించుకున్నంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదని, వసతుల గురించి ఇచ్చిన మాటకు బిల్డర్ జవాబుదారీ అని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

రీసేల్ అయితే

అమ్మేవారు ప్రమోటర్ కాకపోతే 12వ సెక్షన్ వర్తించదు. కాంట్రాక్టు చట్టం 17 నుంచి 19 సెక్షన్లు, ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద సివిల్ కోర్టుకు వెళ్లాలి. మామూలు జాగ్రత్తతో మీరు కనిపెట్టలేని లోపాన్నే అమ్మేవారు చెప్పి తీరాలి. పడకగదులు రెండే ఉన్నాయని చూసి కూడా కొని, తర్వాత "మూడన్నారు" అంటే చెల్లదు. గోడ వెనక తుప్పుపట్టిన పైపు సంగతి వేరు.

అభ్యాసం: మీ దగ్గరున్న ఏదైనా బ్రోచర్ తీసి, కొలవగలిగిన మాటల కింద గీత గీయండి. వాటిలో ఐదింటికి నాలుగు గడుల పట్టిక నింపండి. ప్రకటన మీద రెరా నంబరు, అథారిటీ వెబ్‌సైటు చిరునామా ఉన్నాయో లేదో కూడా చూడండి, 11వ సెక్షన్ ప్రకారం అవి స్పష్టంగా కనిపించాలి. వచ్చే పాఠంలో ఆ పట్టికతోనే ఫారం ఎన్ నింపుదాం.