బాత్రూమ్ నేల టైల్స్ పీకే ముందు నహానీ ట్రాప్‌లో గుడ్డ కుక్కండి

బాత్రూమ్ టైల్స్ మార్చాలని మేస్త్రిని పిలిస్తే చాలామంది అనే మొదటి మాట "ఎందుకు సార్ పగలగొట్టడం, దాని మీదే కొత్తవి అతికించేద్దాం" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ టైలూ గమ్మూ కలిసి నేల దాదాపు అర అంగుళం లేస్తుంది, ఆ మేరకు గడప ఎత్తు తగ్గి నీళ్ళు గదిలోకి వచ్చేస్తాయి, కింది ఇంటి సీలింగ్‌కి చెమ్మ దిగుతుంటే అది దిగుతూనే ఉంటుంది. నా మాట వింటే పీకేయండి.

ముందు నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్ళు జాలీలోంచి దిగిపోయే గొట్టం నోరు, దాని సంగతి చూడాలి. జాలీ తీసి లోపల పాత గుడ్డ కుక్కండి, కుక్కే ముందే దానికి ఓ తాడు కట్టి రెండో కొస కొళాయికి ముడేయండి. నేను తాడు కట్టకుండా కుక్కాను, సాయంత్రం నేల కడుగుతుంటే అది కాస్తా లోపలికి జారిపోయింది, ప్లంబర్ వచ్చి సగం రోజు కష్టపడితే గానీ బయటికి రాలేదు. కమోడ్ తీసేస్తే ఆ గొట్టం నోరు కూడా ఇలాగే మూసేయండి. ఇండియన్ టాయిలెట్ అయితే అడుగంతా కాంక్రీట్‌లో పూడ్చి ఉంటుంది, దాన్ని ఉంచుకునేటట్టయితే చుట్టూ జానెడు మేర పగలగొట్టే మిషన్ పెట్టొద్దు, ఉలితో మెల్లగా చేసుకోండి.

గోడ టైల్స్ ఉంచుకోవాలంటే గోడా నేలా కలిసే చోట గ్రైండర్‌తో గీత కోసేయాలి, లేకపోతే నేల మీద కొట్టిన దెబ్బకి గోడ కింది వరస చిట్లుతుంది. ఇక్కడే దుమ్ము ఎక్కువ లేస్తుంది. చేతి రుమాలు సరిపోదు, ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు, బూట్లు ఉండాల్సిందే. నేల తడిగా ఉంటే కరెంటు మిషన్ ముట్టుకోవద్దు.

ఇక సుత్తి పిడితో ఒక్కో టైలూ తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా పట్టుకున్నది టక్కుమంటుంది, అడుగున సిమెంట్ వదిలేసింది మాత్రం డొల్లగా మోగుతుంది. దాని నడిమధ్య కొట్టి ముక్కలు ఏరేస్తే పక్క టైలు అంచు కనిపిస్తుంది, వెడల్పు ఉలిని ఆ అంచు కిందికి పడుకోబెట్టి కొట్టండి. ఉలి నిలువుగా పెడితే టైలు పిండి అవుతుంది, పడుకోబెడితే పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది, తేడా మూడో టైలుకే మీకు తెలిసిపోతుంది. పగలగొట్టే కరెంటు మిషన్ (బ్రేకర్) అద్దెకి తెచ్చుకోవాలంటే చిన్నదే తెచ్చుకోండి. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బాత్రూమ్ స్లాబ్‌ని కిందికి దించి పైన ఇటుక ముక్కలు నింపి ఉంటారు, పీవీసీ పైపులు ఆ నింపుడులోనే పోతుంటాయి, పెద్ద మిషన్ జారిందంటే అంతే.

ఎంత లోతు తీయాలి? టైల్స్ పాతబడ్డాయని మార్చడమే అయితే కదులుతున్న సిమెంట్ వరకూ తీస్తే చాలు. కిందికి నీళ్ళు దిగుతున్నాయంటే మాత్రం స్లాబ్ కనపడేదాకా తీయాల్సిందే, వాటర్ ప్రూఫింగ్ చేయించి, 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూశాకే కొత్త టైల్స్ మాట. వాలు మీటరుకి సెంటీమీటరైనా ట్రాప్ వైపుకి ఉండాలి.

రబ్బిష్ ఎంత వస్తుందో ఎవరూ ముందు లెక్కేసుకోరు. ఐదడుగులు బై ఏడడుగుల బాత్రూమ్‌లో టైలూ, అడుగున అంగుళంన్నర సిమెంటూ కలిపి దాదాపు 300 కిలోలు. సిమెంట్ సంచుల్లో సగానికే నింపండి, లేకపోతే మెట్ల మీద నడుం పట్టేస్తుంది. వీధి చివర చెత్తకుప్పలో పోయించకండి. హైదరాబాద్‌లో అయితే ఇలాంటి వ్యర్థాల కోసం జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లున్నాయి.

అంతా దించేశాక నేల పొడిగానే ఊడ్చి, ట్రాప్ చుట్టూ ఉన్న ఇసుక చేత్తో ఎత్తేసి, అప్పుడు తాడు లాగండి. నీళ్ళు పోయడం ఆ తర్వాతే.