కారు వారంటీ మొదలైన తేదీ తప్పు పడిందా? షోరూమ్‌తో, కంపెనీతో ఇలా తేల్చుకోండి

మా బావమరిది 2023 జూన్ 30న కారుకి డబ్బు మొత్తం కట్టేశాడు. నెలాఖరు కదా, ఈరోజే బిల్లు చేయించుకుంటే ఇంకో పదిహేను వేలు తగ్గిస్తామన్నారు షోరూమ్ వాళ్లు. అప్పుడు నడిచేది ఆషాఢం, దాని వెనకే అధిక శ్రావణం, మా అత్తగారేమో ససేమిరా అన్నారు. చివరికి నిజ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం రోజు, ఆగస్టు 25న, నిమ్మకాయలు తొక్కించి బండి ఇంటికి తెచ్చుకున్నాం. వారంటీ రెండేళ్లు. 2025 జూలైలో ఏసీ కంప్రెసర్ పోయింది. సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో చూసి "మీ వారంటీ జూన్ 29తోనే అయిపోయింది సార్" అన్నాడు. అంటే కారు మా ఇంటి మొహం కూడా చూడని 56 రోజులు వారంటీలో కరిగిపోయాయన్నమాట.

ఇది మన దగ్గర మామూలే. నెలాఖరుకో, మార్చి 31కో, డిసెంబర్ చివరకో టార్గెట్ చూపించడానికి డీలర్ బండిని కస్టమర్ పేరు మీద బిల్లు చేసేసి, కంపెనీ సిస్టమ్‌లో అమ్మినట్టు ఎక్కించేస్తాడు, వారంటీ గడియారం అక్కడి నుంచే తిరగడం మొదలవుతుంది. మనం ఆషాఢం, మూఢం అంటూ డెలివరీ వెనక్కి జరిపే కొద్దీ తేడా పెరుగుతుంది. డెమో కారు కొన్నవాళ్లది వేరే కథ, అది చివర్లో చెప్తాను.

ముందు అసలు సిస్టమ్‌లో ఏ తేదీ ఉందో చూడండి. కంపెనీ యాప్‌లో బండి వివరాల కింద కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకోండి. కనిపించకపోతే సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ కొట్టించి, వారంటీ స్టార్ట్ డేట్ ఏముందో మెయిల్‌లో పంపమనండి. నోటి మాట పనికిరాదు.

తర్వాత ఎవరూ చదవని ఆ వారంటీ బుక్‌లెట్ తీయండి. వారంటీ ఎప్పటి నుంచి అని రాసిన ఒక్క వాక్యం మీదే మొత్తం గొడవ నిలబడుతుంది. 'మొదటి కొనుగోలుదారుడికి డెలివరీ ఇచ్చిన తేదీ నుంచి' అని ఉంటే మీ చేతిలో గట్టి పాయింట్ ఉన్నట్టే. 'ఇన్వాయిస్ తేదీ' అనో 'మొదటి రిజిస్ట్రేషన్ తేదీ' అనో ఉంటే పని కష్టం, అప్పుడు హక్కుగా కాకుండా కాస్త మర్యాదగా అడిగి సాధించుకోవాలి. ఇది చూసుకోకుండా కౌంటర్ దగ్గర గొంతు పెంచితే పరువే పోతుంది. మా వాడు ఆ పనీ చేశాడు లెండి.

ఇక కాగితాలు. వీటిలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఫారం 21, అంటే డీలర్ ఇచ్చే సేల్ సర్టిఫికెట్. అందులో ఫలానా వాహనాన్ని ఫలానా తేదీన ఫలానా వారికి డెలివరీ ఇచ్చాం అని డీలరే సంతకం పెట్టి ఇస్తాడు. ఆ ఖాళీలో అసలు డెలివరీ తేదీ ఉంటే గొడవ సగం తీరినట్టే. చాలాసార్లు మాత్రం అక్కడ కూడా ఇన్వాయిస్ తేదీనే కొట్టేస్తారు, అదొక్కటే పట్టుకుని కూర్చుంటే మన కాగితమే మన మీదకి తిరుగుతుంది. కాబట్టి టీఆర్ (టెంపరరీ రిజిస్ట్రేషన్) తేదీ కూడా చూడండి. టెంపరరీ గానీ పర్మనెంట్ గానీ రిజిస్ట్రేషన్ లేకుండా డీలర్ బండిని కస్టమర్‌కి అప్పగించకూడదని సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 42వ రూల్ చెప్తుంది. టీఆర్ ఆగస్టు 24న తీసి, డెలివరీ జూన్ 30నే ఇచ్చామంటే, రూల్ తప్పామని డీలర్ తనంతట తానే ఒప్పుకున్నట్టు. ఈ ఒక్క లైన్ మెయిల్‌లో పెట్టండి, అవతలి వాళ్ల స్వరం మారుతుంది.

వీటికి తోడు గేట్ పాస్, డెలివరీ నోట్, ఇన్సూరెన్స్ పాలసీ మొదలైన తేదీ, మొదటి ఫ్రీ సర్వీస్ జాబ్ కార్డు (అందులో కిలోమీటర్లు, తేదీ రెండూ ఉంటాయి), సేల్స్ కుర్రాడు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు కలపండి. మా వాడికి బాగా పనికొచ్చింది షోరూమ్‌లో అట్టముక్క తాళం పట్టుకుని దిగిన ఫొటో. ఫోన్‌లో ఒరిజినల్ ఫైల్ ఉంది, తేదీ, టైమ్‌తో సహా, ఓడోమీటర్ మీద 14 కిలోమీటర్లు కనిపిస్తూ.

మెయిల్ సేల్స్ కుర్రాడికి కాదు, అతను ఈపాటికి ఇంకో షోరూమ్‌కి మారి ఉంటాడు. డీలర్ జనరల్ మేనేజర్‌కి రాసి, కంపెనీ కస్టమర్ కేర్‌ని కాపీలో పెట్టండి. కథ వద్దు. ఛాసిస్ నంబర్, ఇన్వాయిస్ తేదీ, డెలివరీ తేదీ, బుక్‌లెట్‌లోని ఆ వాక్యం, జత చేసిన కాగితాలు, చివర్లో అడిగేది: "వారంటీ స్టార్ట్ డేట్‌ను 2023 ఆగస్టు 25గా సరిచేసి, పది రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి." ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని ఉంటే దాని తేదీలు కూడా మార్చమని అదే మెయిల్‌లో అడగండి, ఎందుకంటే మొదటిది తప్పితే దాని వెనక వచ్చేదీ తప్పుతుంది. "సిస్టమ్‌లో లాక్ అయిపోయింది, మా చేతిలో లేదు" అంటారు. అది కొంతవరకు నిజమే, కానీ మార్చమని కంపెనీ ఏరియా ఆఫీసుకి రిక్వెస్ట్ పెట్టడం మాత్రం వాళ్ల చేతిలోనే ఉంటుంది. పెట్టారా, ఏ తేదీన పెట్టారు అని అడుగుతూ ఉండండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడల్లా కంప్లయింట్ నంబర్ తీసుకోండి.

రిపేర్ ఆగలేని పరిస్థితి అయితే డబ్బు కట్టేయండి, కానీ కట్టే ముందే "వారంటీ తేదీ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, రీఫండ్ అడిగే హక్కు వదులుకోవడం లేదు" అని మెయిల్ కొట్టండి, జాబ్ కార్డు మీద కూడా ఆ ముక్క రాయండి. తీసేసిన పాత పార్టు మీకే ఇమ్మనండి.

పది రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు, కంప్లయింట్‌ని కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, షోరూమ్ ఎక్కడున్నా సరే. కట్టిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే. ఫీజు 5 నుంచి 10 లక్షల బండికి 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. డీలర్‌ని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. లేకపోతే డీలర్ కంపెనీ మీదకి, కంపెనీ "డీలర్ మా ఏజెంట్ కాదు, మాది విడివిడి వ్యాపారం" అంటూ డీలర్ మీదకి నెట్టుకుంటూ కూర్చుంటారు.

డెమో కారు సంగతికొస్తే, అది డీలర్ పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే వారంటీ అప్పుడే మొదలైపోయి ఉంటుంది, ఆర్సీలో మీరు రెండో ఓనర్‌గా కనిపిస్తారు. తెలిసి కొంటే ఆ నెలలకి బదులు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉచితంగా అడగండి, అది కూడా డబ్బు కట్టకముందే. కొత్తదని చెప్పి అంటగడితే అది తేదీ గొడవ కాదు, మోసం. కేసు కూడా అలాగే వేయాలి.

మా వాడికి ఐదు వారాలు పట్టింది. తేదీ మార్చలేదు. "బిల్లు మీరే ముందు చేయించుకున్నారు, డెలివరీ మీరే ఆపమన్నారు" అని కంపెనీ జవాబిచ్చింది, అందులో కొంత నిజం ఉంది కూడా. చివరికి గుడ్‌విల్ కింద కంప్రెసర్ ఉచితంగా వేశారు, గ్యాస్, లేబర్ డబ్బు మేమే కట్టాం. ఒప్పుకున్నాం. మొన్న మా తోడల్లుడు కారు బుక్ చేస్తే బావమరిదే వెంట వెళ్లి, డెలివరీ ఎప్పుడో అప్పుడే ఇన్వాయిస్ అని బుకింగ్ ఫారం మీద రాయించి, స్టాంపు కొట్టించుకుని వచ్చాడు. నెలాఖరు డిస్కౌంట్ మాత్రం రాలేదు.