టేబుల్ మీద ఆడే ఫాంటసీ ఆటలో మర్చిపోలేని విలన్‌ని తయారు చేయడం ఎలా?

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఒక స్నేహితుడి మేడ మీద గదిలో ఆదివారం సాయంత్రాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ప్లేయర్లు ఐదుగురు, ఆట నడిపేది నేను. నేను మొదట తయారు చేసిన విలన్ నల్ల అంగీ వేసుకున్న మాంత్రికుడు. కొండ గుహలో కూర్చుని లోకాన్ని నాశనం చేస్తానంటాడు. వాడి పూర్వకథ ఎనిమిది పేజీలు రాశాను. ఆరు నెలల ఆట తర్వాత పార్టీ, అంటే ప్లేయర్ల పాత్రల జట్టు, వాడి దగ్గరికి చేరింది, రెండు రౌండ్లలో చంపేసింది, తర్వాతి వారం వాడి పేరేంటని అడిగితే ఒక్కరికీ గుర్తు లేదు. రెండో విలన్ దీపాల దొర. ఆ కథ ముగిసి ఏడాది దాటింది, ఇప్పటికీ రాత్రిపూట ఆర్కే బీచ్‌లో కూర్చున్నప్పుడు డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతుంటే ఎవరో ఒకరు వాడి మాట ఎత్తుతారు. మొదటివాడికీ ప్లేయర్లకీ ఏ సంబంధమూ లేదు. రెండోవాడు వాళ్లకి మేలు చేశాడు. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట ఇది. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం. లోకాన్నీ అందులోని జనాన్నీ రాక్షసుల్నీ నడిపేది ఆ మనిషే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఈ పని చేస్తాను" అని చెబుతారు, అయ్యేదీ కానిదీ ఎక్కువగా ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. విలన్ డీఎం చేతిలో ఉంటాడు కానీ వాడిని ఏం చేయాలో ప్లేయర్ల ఇష్టం. కథ రాయడానికీ విలన్‌ని ఆడించడానికీ ఉన్న తేడా అదే, అది మర్చిపోతే ఎంత కష్టపడ్డా వృథా.

ముందు మేలు చేయించండి

కురు రాజకుమారుల అస్త్ర విద్యా ప్రదర్శనలో కులం పేరు అడిగి కృపాచార్యుడు కర్ణుణ్ణి తల వంచుకునేలా చేసినప్పుడు లేచి నిలబడి అంగరాజ్యం ఇచ్చింది దుర్యోధనుడు. ఆ ఒక్క పనివల్ల కర్ణుడు చివరిదాకా ఆ పక్కనుంచి కదల్లేకపోయాడు, భారతం తెలిసిన మనకీ దుర్యోధనుడిని పూర్తిగా అసహ్యించుకోవడం కష్టమే. మీ విలన్‌తో కూడా మొదటి రెండు మూడు సెషన్లలోనే ఇలాంటి పని ఒకటి చేయించండి. అది నటన కాకూడదు, నిజంగా మనసుతో చేసిన మేలే అయి ఉండాలి.

మా ఆటలో ఒక రేవు ఊరు ఉంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ, దాని మీద దీపస్తంభం, కింద జాలరి గూడెం. మన వైజాగే, పేరు మార్చానంతే. దీపస్తంభం చూసుకునే పెద్దమనిషిని ఊరంతా దీపాల దొర అంటారు. పార్టీ చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆ ఊరు చేరితే తన పాత పడవ ఇచ్చాడు, డబ్బులు చేతికొచ్చినప్పుడు ఇవ్వండి బాబూ అన్నాడు. ఒక ప్లేయర్ పాత్రకి విషం ఎక్కితే వైద్యుడికి తనే కట్టాడు. ఆ రాత్రి ప్లేయర్లు వాడిని మామూలు మంచి మనిషిగా రాసుకున్నారు, నేను ఏమీ సూచించలేదు. మీరు కూడా ఇక్కడ తొందరపడి కళ్లలో క్రూరత్వం లాంటి వర్ణనలు పెట్టకండి.

వాడికి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి

ఎనిమిది పేజీల పూర్వకథ వద్దు. "లోకాన్ని ఏలాలి" అనేది కోరికే కాదు, ఎందుకు అని అడిగితే జవాబుండదు. దొర విషయంలో నేను రాసుకున్న వాక్యం ఇది: ఊరి మీదికి మళ్లీ తుపాను రాకూడదు. పాతికేళ్ల కింద తుపానులో వాడి ఇంట్లో అందరూ పోయారు. తర్వాత సముద్రంతో ఒక ఒప్పందం చేసుకున్నాడు: ఏటా ఒక్క రాత్రి దీపం ఆర్పేస్తాడు, ఒక పడవ రాళ్లకి కొట్టుకుని మునిగిపోతుంది, ఆ ఏడాదికి తుపాను రాదు. నిజంగానే రాలేదు కూడా. కోరిక అందరిదీ, దానికి ప్రాణాలు చెల్లించేది మాత్రం వేరేవాళ్లు. ఈ రెండూ కలిసినప్పుడే ప్లేయర్లు టేబుల్ దగ్గర వాళ్లలో వాళ్లు వాదించుకోవడం మొదలుపెడతారు.

తుపాను అనే అంశం పెట్టే ముందు నేను అందరినీ అడిగాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద ఏం చేసి వెళ్లిందో ఇక్కడున్న ప్రతి ఇంటికీ తెలుసు, ఆ రోజు ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకి తెలియకపోవచ్చు. ఆట మొదలుకాక ముందే అందరూ కూర్చుని ఏ విషయాలు ఫర్వాలేదు, ఏవి వద్దు అని మాట్లాడుకోవాలి, దీన్నే సెషన్ జీరో అంటారు. ఎవరైనా వద్దంటే కారణం అడగకుండా మార్చేయండి.

కత్తి దూయలేని చోట ఎదురుపడనివ్వండి

చివరి గదిలో కూర్చుని హీరోల కోసం ఎదురుచూసే విలన్ చివరి రోజే పరిచయమై ఆ రోజే పోతాడు. 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ ఈ ఆట కోసం రాసిన రేవెన్‌లాఫ్ట్ అనే సాహసకథలో స్ట్రాడ్ అనే రక్తపిశాచిని ఇప్పటికీ జనం తలుచుకోవడానికి ఒక కారణం వాడు కోటలో ఒక మూల కూర్చోడు, తన పని మీద తను తిరుగుతూ కథ మధ్యలోనే ఎదురుపడతాడు. అందుకని కనీసం మూడుసార్లు కలపండి, అదీ కత్తి తీస్తే పరువో ప్రాణమో పోయే చోట: పెళ్లి పందిట్లో, గ్రామదేవత పండగలో, చావు ఇంటి ముందు. పడవ మునిగి ఇద్దరు పోయిన ఇంటికి దొర బియ్యం బస్తా మోసుకుంటూ వచ్చాడు. అప్పటికి పార్టీకి అనుమానం మొదలైంది, కానీ గుమ్మం ముందు వంద మంది, అందరూ వాడికి దణ్ణం పెడుతున్నారు. దొర వీళ్లని చూసి "భోంచేశారా బాబూ?" అని అడిగాడు, టేబుల్ దగ్గర ఒక్కరూ మాట్లాడలేదు.

ఆ మాట ఎందుకు పనిచేసిందంటే అది మన మాట. విలన్‌కి గంభీరమైన గ్రాంథికం పెట్టకండి, అరుపులు పెట్టకండి. మీ వీధిలో పెద్దవాళ్లు మాట్లాడేలా మాట్లాడించి ఒక్క అలవాటు ఇవ్వండి చాలు. దొర మాట్లాడుతున్నంతసేపూ దీపం వత్తి సరిచేస్తున్నట్టు వేళ్లు కదిపేవాణ్ణి, చివరికొచ్చేసరికి నేను వేళ్లు కదిపితే చాలు, వచ్చింది ఎవరో వాళ్లకి తెలిసిపోయేది. పేరు కూడా నోరు తిరిగేలా, ఊళ్లోవాళ్లు పిలిచేలా ఉండాలి.

క్యాలెండర్ పెట్టండి

ప్లేయర్లు ఎక్కడ తిరుగుతున్నా విలన్ పని ఆగకూడదు. మన దగ్గర ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లు వేటకి వెళ్లవు. ఆటలో కూడా ఇలాంటి విరామం పెట్టి, బోట్లు మళ్లీ కదిలే మొదటి రాత్రే దీపం ఆరుతుందని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ప్రతి సెషన్ చివర ఎన్ని రోజులు గడిచాయో బయటికే చెప్పేవాణ్ణి. పార్టీ నిధి కోసం అడవికి వెళ్లి పది రోజులు పోగొడితే ఆ పది రోజులూ పోయినట్టే. ఎవరినీ తొందరపెట్టక్కర్లేదు, టెన్షన్ దానంతట అదే పెరుగుతుంది.

ఆ మేలుకి వెల చూపించండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, దీనికి ఒక సెషన్ మొత్తం కేటాయించండి. మా పార్టీ దీపస్తంభంలోకి దొంగతనంగా వెళ్లింది, దొర ఖాతా పుస్తకం దొరికింది. ఏడాదికో పేజీ, పేజీకో పడవ పేరు. ఆఖరి పేజీలో ముందు వీళ్ల పడవ పేరే ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన ఇంకో పడవ పేరు రాసి ఉంది. ఆ రెండో పడవలోవాళ్ల చావు ఇంటికే వీళ్లు వెళ్లొచ్చారు. మా స్నేహితుడు డైస్ పక్కన పెట్టి "ఒరేయ్, మన బదులు వాళ్లు పోయార్రా" అన్నాడు. మీ విలన్ చేసిన మేలు వెనక కూడా ఇలాంటి చెల్లింపు ఒకటి ఉండాలి. దాన్ని మీరు చెప్పకూడదు, ఏదో ఒక వస్తువు రూపంలో వాళ్ల చేతికే దొరకాలి.

పోరాటం సంగతి

నా మాంత్రికుడు రెండు రౌండ్లలో చావడానికి కారణం చిన్న లెక్క. రౌండ్‌కి ఐదుగురికీ ఐదు వంతులు, వాడికి ఒక్కటే. హెచ్‌పీ, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే అంకె, పెంచితే పోరాటం సాగుతుందంతే, రక్తి కట్టదు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌లో దీనికి లెజెండరీ యాక్షన్లు ఉన్నాయి: ఇతరుల వంతు ముగిసినప్పుడల్లా విలన్ ఒక చిన్న పని చేయొచ్చు, సాధారణంగా రౌండ్‌కి మూడు. లెజెండరీ రెసిస్టెన్స్ ఉంటే విఫలమైన సేవింగ్ త్రోని (మంత్రం లాంటి ముప్పుని తప్పించుకోవడానికి వేసే డైస్‌ని) సఫలమైనట్టు మార్చుకోవచ్చు, మామూలుగా రోజుకి మూడుసార్లు. ఒక్క మంత్రంతో విలన్‌ని కదలకుండా కట్టిపడేసి కథ ముగించే ప్రమాదం తప్పుతుంది. వీటికి తోడు ఇద్దరు ముగ్గురు అనుచరులు, కాలు జారే మెట్లు, ఆరిపోతున్న దీపం పెట్టండి.

బలం మీద కంటే వరం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. సింహాచలం పక్కన పుట్టి పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పగలూ రాత్రీ కాకుండా, ఇంటా బయటా కాకుండా, మనిషీ మృగమూ కాకుండా అని హిరణ్యకశిపుడు అన్ని దారులూ మూసుకున్నా సందె వేళ గడప మీద ఒక దారి మిగిలింది. మీ విలన్ వరంలోనూ అలాంటి సందు ఒకటి వదిలి, దాని జాడలు మూడు వేర్వేరు చోట్ల పెట్టండి, ఒకటైనా దొరుకుతుంది. దీపం వెలుగుతున్నంతసేపూ దొరకి గాయం అవదు, కానీ దీపం ఆర్పితే ఆ రాత్రి సముద్రంలో ఉన్న పడవలన్నీ ప్రమాదంలో పడతాయి. పార్టీ ఏం చేసిందంటే, ముందు రెండు రోజులు గూడెం అంతా తిరిగి ఒక్క పడవ కూడా కదలకుండా ఆపింది. ఇది నేను అనుకున్నది కాదు, నాకు చాలా నచ్చింది, వెంటనే ఒప్పుకున్నాను. ప్లేయర్లు మీకంటే మంచి ఉపాయం తెస్తే విలన్‌ని కాపాడకండి. మధ్యలోనే చంపేసినా చావనివ్వండి, వాడి పని ఎత్తుకునే మనిషి ఊళ్లో ఉండే ఉంటాడు.

దొర పోయాక టేబుల్ మీద కాసేపు నిశ్శబ్దం. తర్వాత పడవ అప్పు ఇంకా తీర్చలేదని ఒకరు గుర్తు చేశారు, మరి రేపు రాత్రి దీపం ఎవరు వెలిగించాలని ఇంకొకరు అడిగారు. నేను నోట్‌బుక్ తెరిచి వచ్చే ఆదివారానికి మొదటి లైన్‌గా ఆ ప్రశ్నే రాసుకున్నాను.